పక్కింటి అవ్వకు మీరేమవుతారు?

ఒంటరి వృద్ధుల సంక్షేమానికి ఆంధ్రప్రదేశ్‌లో చూపే మొదటి రుజువు పింఛను. ప్రతి నెలా ఒకటో తేదీన సచివాలయ ఉద్యోగి సూళ్లూరుపేట సందుల్లోకి వచ్చి, ఎన్టీఆర్ భరోసా 4,000 రూపాయలు అవ్వ చేతిలో పెట్టి, వేలిముద్ర వేయించుకుని వెళ్తారు. మంచి పనే. కేంద్రం ఇచ్చే వృద్ధాప్య పింఛను ఎనభై ఏళ్లు నిండేదాకా నెలకు 200 రూపాయలేనని ఆమెకు చెప్పి బాధపెట్టనక్కర్లేదు. వేలిముద్ర పడిందంటే అవ్వ క్షేమం. రెండో తేదీ నుంచి నెలాఖరు దాకా ఆమె అన్నం తిన్నదీ లేనిదీ ఆ వేలిముద్ర యంత్రానికి పట్టదు.

ఆ మిగతా రోజులు ఇరుగుపొరుగు పాలు. వాళ్లు సాయం కోసం ఏ ఆఫీసు గుమ్మం ఎక్కినా తొలి ప్రశ్న ఒకటే: "ఆమెకు మీరేమవుతారు?" పక్కిల్లు అనేది చుట్టరికం కాదు. చట్టం మాత్రం అంత పట్టింపుకు పోలేదు. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ప్రకారం, వృద్ధులు స్వయంగా రాలేకపోతే వారు అధికారమిచ్చిన ఎవరైనా దరఖాస్తు పెట్టొచ్చు. ఆ దరఖాస్తులు వినే ట్రైబ్యునల్ తనంతట తానే కేసు చేపట్టనూ వచ్చు. అయితే అది తనంతట తాను కదలడానికి ముందు ఎవరో ఒకరు వెళ్లి కదపాలి. పిల్లలు లేనివారిని, ఆస్తి దక్కబోయే బంధువు పోషించాలట. ఆస్తే లేని అవ్వకు బంధువులెవరో చట్టం చెప్పలేదు.

ఆ చట్టం కింది నమూనా నియమావళి ఇంకా ఉదారమైనది. ఒంటరి వృద్ధుల జాబితా పోలీస్ స్టేషన్‌లో ఉండాలి. పోలీసు, సామాజిక కార్యకర్త కలిసి నెలకోసారైనా ఇంటికెళ్లి పలకరించాలి. సందు మొదట్లో జీపు ఆగితే అవ్వ ఏం నేరం చేసిందోనని జనం మూగేంత అపురూపంగా ఈ పలకరింపు సాగుతోంది.

జిల్లాకొకటైనా కనీసం 150 మంది పట్టే వృద్ధాశ్రమం పెట్టవచ్చని అదే చట్టంలోని 19వ సెక్షన్ అంటుంది. పెట్టి తీరాలని అనదు. 2022 ఏప్రిల్‌లో సూళ్లూరుపేట నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాకు మారింది గనుక, ఆశ్రమం సంగతి అడగాల్సిన దిక్కు కూడా మారింది.

ఫోన్ చేయదలిస్తే వృద్ధుల సహాయవాణి 14567 ఉంది. సలహా, ఓదార్పు ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా దొరుకుతాయి. తొమ్మిదింటికి దిగులుపడే అలవాటు వృద్ధులు మానుకోవాలి.

ఇక అక్టోబరు 1, అంతర్జాతీయ వయోవృద్ధుల దినోత్సవం. శాలువా, పండ్లు, ఫొటో. సన్మానం వేదిక దాకా నడిచి రాగలిగినవారికే. మంచం దిగలేనివారి శాలువాను పక్కింటివాళ్లు సంతకం పెట్టి తీసుకెళ్లవచ్చు.