పదమూడో సూత్రానికి కొల్లేటి వ్యాఖ్య

మూలం: టెన్ యార్డ్స్ బ్యాక్! వెయిట్ ఫర్ మై విజిల్!

అవతారిక: ఫుట్‌బాల్ ఆటకు సూత్రాలు పదిహేడు. 1886లో పుట్టిన ఇంటర్నేషనల్ ఫుట్‌బాల్ అసోసియేషన్ బోర్డు సూత్రకారుడు. విజిల్ మెడలో వేసుకుని మైదానంలో పరిగెత్తే రెఫరీ వ్యాఖ్యాత. పై వాక్యం ఆ పదిహేడింటిలో ఎక్కడా ఈ రూపంలో కనబడదు గనుక ప్రక్షిప్తమని నిర్ణయించాలి. అయినా ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా ఏ కాలేజీ మైదానంలో ఫ్రీ కిక్ పడినా ముందుగా వినబడేది ఇదే. దీనికొక ప్రయోగవిధి కూడా స్థిరపడింది. రెఫరీ విజిల్ పైకెత్తి చూపాలి, చూపుడువేలితో దాన్ని రెండుసార్లు తట్టాలి, ఆపైన అంగలు లెక్కపెట్టుకుంటూ, బంతికి అడ్డంగా ప్రత్యర్థులు కట్టిన గోడ దగ్గరికి నడవాలి. తొందర పనికిరాదు. మూలంలో లేనిది రాయనని, అక్కర లేనిది పలకనని ప్రతిజ్ఞ పట్టి కావ్యాలకు వ్యాఖ్యలు రాసినవాడు మల్లినాథ సూరి. మన రెఫరీలు ఆ రెండు ప్రతిజ్ఞలనూ ఒకే ఊపిరిలో భంగం చేస్తారు. ప్రస్తుత వ్యాఖ్యాతా చేయబోతున్నాడు గానీ, దానివల్ల ఎవరి గోలూ తప్పిపోదు.

అన్వయం: ‘టెన్’, ‘యార్డ్స్’ సుగమాలు. 1913 దాకా అవి ఆరు గజాలే, ఇప్పుడు మీటర్లలో 9.15 అని చెబితే చాలు. చిక్కంతా కర్త దగ్గరుంది. రెండు క్రియలకూ కర్త లుప్తమైంది. ‘బ్యాక్’ అన్నది తప్పు చేసిన జట్టుతో, ‘వెయిట్’ అన్నది దెబ్బ తిన్న జట్టుతో. దోషి తనకిచ్చిన ఆజ్ఞను అడుగున్నర మేరకు పాటిస్తాడు. బాధితుడు పూర్తిగా పాటిస్తాడు, పాటించక తప్పదు. ఆగమన్నాక ఆగకుండా తన్నితే అది చెల్లదు, మళ్లీ తన్నాలి, పైగా పచ్చకార్డు పడినా పడుతుంది. కారణం ఒకచోట, కార్యం మరొకచోట కనబడితే ఆలంకారికులు దాన్ని అసంగతి అన్నారు. కాలు అడ్డం పెట్టింది ఒకడు, కాళ్లు కట్టేసుకుని నిలబడింది ఇంకొకడు. కావ్యంలో ఇది అందం. ఆటలో మాత్రం దోషి దొంగిలించాలనుకున్న సమయాన్ని రెఫరీయే కొలిచి వాడి చేతిలో పెట్టడం. గోడ కట్టుకోవడానికి, గోల్‌కీపర్ సర్దుకోవడానికి, వెనకబడ్డ డిఫెండర్ పరిగెత్తుకొచ్చి కుదురుకోవడానికి సరిపోయినంత సమయం.

ఫ్రీ కిక్‌ల గురించి పదమూడో సూత్రం చెప్పేది వేరు. తప్పు జరిగినచోట బంతిని కదలకుండా పెట్టాలి. తన్నాక అది స్పష్టంగా కదిలితే ఆట మొదలైనట్టే. దూరం పాటించే బాధ్యత ప్రత్యర్థిది. దాన్ని రెఫరీ అంగలేసి కొలిచి ఇవ్వాలని ఎక్కడా లేదు. విజిల్ తప్పనిసరి అయ్యే సందర్భాలు కొన్నే: గోడను వెనక్కి జరిపించినప్పుడు, కార్డు చూపినప్పుడు, గాయానికో ఆటగాడి మార్పుకో ఆట ఆగినప్పుడు. తక్కిన ఫ్రీ కిక్కులన్నీ నిరోష్ఠ్యాలు, అంటే పెదవి కదపకుండా నడవవలసినవి.

విశేషం: నిరోష్ఠ్యమంటే పవర్గాక్షరాలు లేని రచన. దండి దశకుమారచరితంలో ఏడో ఉచ్ఛ్వాసం మంత్రగుప్తుడి కథ. ప్రియురాలి పంటిగాట్లకు పెదవులు నొచ్చి, ఆయన తన కథంతా పెదవులు కలపకుండానే చెబుతాడు. తెలుగులో మరింగంటి సింగరాచార్యులు అంతకన్నా పెద్ద సాహసమే చేశాడు. రామాయణాన్నే నిరోష్ఠ్యంగా రాయాలంటే రాముడి పేరే పనికిరాదు గనుక, కావ్యానికి ‘దశరథరాజనందన చరిత్ర’ అని పేరు పెట్టాడు. పేరు పలకకుండా రాముడి కథంతా చెప్పగలిగిన జాతిలో పుట్టి, నడిమైదానంలో ఒక చిన్న ఫ్రీ కిక్‌ను విజిల్ ఊదకుండా వదలలేకపోవడం ఏమిటి?

మంత్రగుప్తుడి కథ ఇక్కడితో వదలబుద్ధి కాదు. కళింగ రాజునూ కుమార్తెనూ చెరపట్టిన ఆంధ్ర రాజు జయసింహుణ్ని ఆయన ఒక సరస్సులో మట్టుపెడతాడు. సన్యాసి వేషం వేసి, ఈ నీట మునిగితే కొత్త దేహం వస్తుందని రాజును నమ్మిస్తాడు. ముందుగానే గట్టుకు సొరంగం తవ్వి అందులో దాగి, రాజు మునగగానే చంపి, తానే కొత్త దేహంతో లేచిన రాజునని పైకి వస్తాడు. ఆ సరస్సు మన కొల్లేరేనని పలువురు పండితులు చెబుతూ వచ్చారు. నిజమైతే, కొల్లేటి గట్టును గుట్టుగా తవ్విన తొలి ఘనుడు మంత్రగుప్తుడే. తర్వాత వచ్చినవాళ్లు ఆయనంత గుట్టు కూడా పాటించలేదు. 1999లో సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తున అయిదో కాంటూరు గీత గీసి, ఆ లోపలి 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యమన్నారు. 2002లో రామ్‌సర్ జాబితాలోకి ఎక్కించారు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీరు ఉప్పుటేరు గుండా సముద్రానికి పోవాలి, గూడబాతులకు నీడ ఉండాలి అని ఉద్దేశం. గీత లోపల చేపల చెరువుల గట్లు లేస్తూనే ఉన్నాయి. 2006లో ప్రభుత్వం యంత్రాలతో వాటిని కొట్టించింది. 2008లో శాసనసభ చేసిన తీర్మానం అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించమంది. గోడ వెనక్కి జరగలేదు గనుక గీతనే ముందుకు జరపమన్నమాట. గీత లోపల జిరాయితీ పట్టాలున్న రైతుల మొర న్యాయమైనదే, దాన్ని ఈ వ్యాఖ్యాత కాదనడు. కానీ గీత గీసినవాడికి దాన్ని నిలబెట్టే ఉద్దేశం లేదని తెలిశాక, పట్టా ఉన్నవాడూ లేనివాడూ ఒకే వేగంతో గట్టు వేస్తారు.

ఇక మళ్లీ ఫ్రీ కిక్ సంగతి. 2014 బ్రెజిల్ ప్రపంచ కప్పు నుంచి రెఫరీల నడుముకు నురగ డబ్బా చేరింది. తెల్లగీత గీస్తారు, అది కాసేపట్లో ఆవిరైపోతుంది. గోడ అప్పుడూ జరిగింది, ఇప్పుడూ జరుగుతోంది. మునుపు కంటికి తెలియకుండా జరిగేది, ఇప్పుడు గీత దాటుతున్నట్టు అందరికీ తెలిసేలా జరుగుతోంది. మందు పన్నెండో సూత్రంలోనే ఉంది. ఆట మొదలయ్యేటప్పుడు దూరం పాటించనివాడికి, మొదలవకుండా జాగు చేసేవాడికి పచ్చకార్డు చూపాలి. మొదటి ఫ్రీ కిక్‌కు మొదటి కార్డు లేస్తే రెండో ఫ్రీ కిక్‌కు గోడ తన గజాలు తానే కొలుచుకుంటుంది. ఆ కార్డు జేబులోంచి రాదు. బదులుగా ఉపన్యాసం వస్తుంది.

పూర్వపక్షం: ఈ తంతు లేకపోతే మోసాలు పెరుగుతాయని ఒక వాదం. దానికి సాక్ష్యంగా 2023 మార్చి 3న బెంగళూరు కంఠీరవ స్టేడియంలో జరిగిన ఐఎస్‌ఎల్ నాకౌట్ మ్యాచ్‌ను చూపుతారు. బెంగళూరు, కేరళ బ్లాస్టర్స్ జట్లు గోలు లేకుండా అదనపు సమయంలోకి వెళ్లాయి. 96వ నిమిషంలో కేరళ ఇంకా గోడ సర్దుకుంటుండగా సునీల్ ఛేత్రి ఖాళీ గోల్‌లోకి బంతిని తేలగొట్టాడు. రెఫరీ గోలు ఇచ్చాడు. కేరళ కోచ్ తన ఆటగాళ్లను మైదానం నుంచి బయటికి పిలిచాడు. మ్యాచ్ బెంగళూరుకు దక్కింది, కేరళ క్లబ్బుకు నాలుగు కోట్ల జరిమానా పడింది. తనకు విజిలూ వద్దు, గోడను జరపడమూ వద్దని రెఫరీకి ముందే చెప్పానని ఛేత్రి తర్వాత అన్నాడు.

సిద్ధాంతం: ఆ రాత్రి తగువు త్వరిత ఫ్రీ కిక్ చెల్లుతుందా అన్నదాని మీద కాదు, అది చెల్లుతుంది. రెఫరీ అప్పటికే గోడ విషయంలో జోక్యం చేసుకున్నాడా లేదా అన్నదాని మీద. జోక్యం చేసుకుంటే విజిల్ కావాలి, లేదంటే అక్కర్లేదు. మధ్యస్థితి సూత్రంలో లేదు. దాన్ని కల్పించింది ఈ తంతే. ప్రతి ఫ్రీ కిక్‌కూ విజిల్ వస్తుందని ఏళ్ల తరబడి అలవాటు చేస్తే, రాని రోజున పదకొండు మంది మోసపోయామనుకోవడంలో వింత లేదు. తంతు తగ్గితే ఇలాంటివి పెరుగుతాయన్న వాదం కనుక తలకిందులైంది.

కార్డులు చూపితే ఆట చెడుతుందని ఇంకో వాదం. గోల్‌కీపర్ ఆరు సెకన్లకు మించి బంతి చేతిలో ఉంచుకోరాదన్న నియమం పుస్తకంలో చాలాకాలం పడుకుంది, అరుదుగా తప్ప ఎవరూ అమలు చేయలేదు. 2025లో దాన్ని ఎనిమిది సెకన్లు చేసి, మించితే ప్రత్యర్థికి కార్నర్ అన్నారు. చివరి అయిదు సెకన్లు రెఫరీ చెయ్యెత్తి అందరికీ కనబడేలా లెక్కపెట్టాలి. గడువు పెంచి మరీ శిక్షను అమలయ్యేదిగా మార్చారు. జరగని గోడకు శిక్షగా బంతిని పది గజాలు ముందుకు జరిపే పద్ధతిని కూడా ఇంగ్లండులో 2000 నుంచి కొన్నేళ్లు నడిపి, 2005లో వదిలేశారు. వదిలేసింది పొరపాటని ఈ వ్యాఖ్యాత మతం. గోల్‌కు మరీ దగ్గరైతే తన్నేవాడికే ఇబ్బంది అంటారు. అలాంటప్పుడు జరపనక్కర్లేదని ఒక్క వాక్యం చేర్చితే సరిపోయేది.

ఇది పెద్ద మ్యాచ్‌ల సంగతి, మన ఊళ్లకెందుకు అనేవారున్నారు. ఎక్కువ కావలసింది ఇక్కడే. సగాలను కుదించి ఆడించే టోర్నమెంట్లలో, దీపాలు లేని మైదానంలో, పొద్దు వాలేలోగా ముగించవలసిన ఆటలో ప్రతి ఫ్రీ కిక్‌కూ నిమిషం తంతు నడిపితే, పోయిన నిమిషాలను చివర కలిపేవాడుండడు. ఒక్క గోలు ఆధిక్యంలో ఉన్న జట్టుకు ఇది తెలుసు. అందుకే అది చివరి పావుగంటలో తన సగంలోకి వచ్చిన ప్రతివాణ్నీ మెల్లగా పడగొడుతుంది, పచ్చకార్డుకు చాలనంత మెల్లగా. పడ్డవాడు లేచి, బంతి పెట్టుకుని, ఎదురుగా ఖాళీగా పరిగెత్తుతున్న తన వింగర్‌ను చూస్తాడు. సరిగ్గా అప్పుడే చూపుడువేలు విజిల్ మీద పడుతుంది. వింగర్ ఆగిపోతాడు.

‘మై’: షష్ఠీ విభక్తి. విజిల్ మీద రెఫరీకున్న స్వామ్యాన్ని చెబుతుంది. ఫ్రీ కిక్ ఎవరిదో చెప్పే షష్ఠి ఈ వాక్యంలో లేదు. అధ్యాహారం చేసుకుందామన్నా చోటు కనబడదు.