మంచి డౌటు

సంక్రాంతికి అక్క వాళ్లింటికి వెళ్లాను. మేనకోడలు హాస్టల్ నుంచి వచ్చి ఉంది. ఇంటర్ రెండో ఏడు, బైపీసీ. కాలేజీలో నాలుగున్నరకు బెల్లు, ఐదింటికల్లా స్టడీ అవర్, పడక రాత్రి పదకొండు దాటాకే. సెలవుల్లో అలవాటు తప్పితే మళ్లీ కష్టమని అక్క ఇంట్లోనూ అదే వేళకు లేపుతోంది.

కనుమనాడు తెల్లవారుజామున మంచినీళ్లకని లేస్తే, పిల్ల గోడకు ఆనుకుని, ఒళ్లో పుస్తకం పెట్టుకుని పెదాలు కదుపుతోంది. కళ్లు మూతలు పడుతున్నాయి.

"ఏం చదువుతున్నావమ్మా?"

"పీనియల్ గ్లాండ్, మామయ్యా."

అడక్కుండానే అప్పజెప్పింది. అది మెలటోనిన్ అనే హార్మోన్‌ను స్రవిస్తుంది, ఒంటికి 24 గంటల లయను, నిద్రా మెలకువలను క్రమంలో ఉంచుతుంది. ఒక్క మాట తడబడలేదు. ఆవలింత మాత్రం ఆపుకోలేకపోయింది.

పక్కన కూర్చున్నాను. ఈ పిల్లల నిద్ర సంగతి నన్ను ఎంతోకాలంగా తొలుస్తోంది. చీకటి పడ్డాక ఊరే ఆ మెలటోనిన్ ఈ వయసులో పెద్దవాళ్లకన్నా ఆలస్యంగా ఊరుతుంది. పెందలాడే పడుకోమన్నా వాళ్లకు నిద్ర పట్టదు. దాన్ని బద్ధకం అనడం అన్యాయం. 13 నుంచి 18 ఏళ్లవాళ్లకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలంటారు వైద్యులు. తనకు దక్కేది అయిదున్నర కూడా లేదు. పగలు చదివింది బుర్రలో కుదురుకునేది నిద్రలోనే. కలలొచ్చే నిద్ర ఎక్కువగా పట్టేది తెల్లవారుజామునే. బెల్లు కోసేస్తున్నది ఆ భాగాన్నే. బడులు ఎనిమిదిన్నరకు ముందు మొదలుపెట్టొద్దని అమెరికాలో పిల్లల వైద్యుల సంఘం 2014లోనే చెప్పింది. కాలిఫోర్నియాలో హైస్కూళ్లకు 2022 నుంచి అది చట్టమైంది. అంతెందుకు, ఈ పిల్ల రాయబోయే నీట్ పరీక్ష మొదలయ్యేది మధ్యాహ్నం రెండింటికి!

ఇవన్నీ చెబుతుంటే తలూపుతూ వింది. కొత్త సంగతి విన్నట్టు లేదు.

"మీ సార్‌ను ఎవరైనా అడగొచ్చు కదమ్మా?"

"నేనే అడిగాను మామయ్యా. నాలుగున్నరకు మెలటోనిన్ ఇంకా ఒంట్లోనే ఉంటుంది కదా సార్, అప్పుడు చదివితే ఎలా ఎక్కుతుంది అని."

"ఏమన్నారు?"

"మంచి డౌటన్నారు. క్లాసంతా చప్పట్లు కొట్టించారు. ఇలా ఆలోచించే పిల్ల ఈ సెక్షన్‌లో ఉండకూడదని, పండగయ్యాక టాప్ బ్యాచ్‌లో కూర్చోమన్నారు." పేజీ తిప్పింది. "వాళ్లకు బెల్లు నాలుగింటికే."