హెలికాప్టరు ఆత్మకథ

నేను బెల్ 206 అను జాతికి చెందిన చిన్న హెలికాప్టరును. నా పూర్వులలో పౌరసేవకై నిర్మితమైనది 1966లో తొలిసారి గాలిలోనికి లేచినది. ఒక టర్బైను ఇంజను, శిరస్సుపై రెండు రెక్కలు, పైలటుతో కలిసి అయిదుగురు కూర్చుండుటకు చాలిన చోటు, ఇంతియే నా సంపద. రన్‌వేతో పనిలేక పాఠశాల ఆటస్థలముననైనను, కోత ముగిసిన పొలముననైనను దిగగలుగుట నాకున్న గొప్ప వరము. ఏళ్లును కాలువలును అడుగడుగున అడ్డుపడు గోదావరి మండలములలో పనులున్న ప్రజానాయకులకు నేను ఆప్తనగుటకు ఆ వరమే కారణము. అయితే ఆ వరమునకొక నియమము కలదు. నావంటి చిన్న యంత్రములు సామాన్యముగా చూపునే నమ్ముకొని ఎగురును. పైలటు దిగంతరేఖను చూచి నా వంపును, చెట్లను ఇండ్లను చూచి నా ఎత్తును గ్రహించును. ఆ చూపు మూతపడినప్పుడు పట్టపగలును నాకు అర్ధరాత్రమే.

2002 మార్చి 3వ తేది ఆదివారము ఉదయమున, లోక్‌సభ స్పీకరు శ్రీ గంటి మోహనచంద్ర బాలయోగిగారు నాలో ఆసీనులై యుండగా భీమవరమునుండి పైకి లేచితిని. కోనసీమలోని యెదుర్లంకలో 1951లో జన్మించి, న్యాయవాదియై, తూర్పు గోదావరి జిల్లా పరిషత్తు అధ్యక్షులై, 1998 మార్చి 24న ఆ మహాసభకు అధ్యక్షత వహించిన తొలి దళితుడాయన. అట్టివానిని మోయుట నాకు లభించిన గౌరవము. ఆయనను గమ్యము చేర్చలేకపోవుట నాకు మిగిలిన శోకము.

కొల్లేటి దిక్కునకు వచ్చునప్పటికి మంచు దట్టమై దారి కానరాదయ్యెను. ముందునకు పోవుటకంటె దిగుటయే మేలని కైకలూరు సమీపమున, కొవ్వాడలంకకడ, గట్టి నేలగా తోచిన చోటికి దిగసాగితిమి. అది నేల కాదు, చేపలచెరువు. ఆ సంగతి తెలిసి మరల పైకి లేవబోవుచుండగా కొబ్బరిచెట్టు తగిలినది. మరుక్షణమున నేను నీటిలో కూలితిని. నాలోనున్న ముగ్గురును అసువులు బాసిరి.

నీరు నేలగా కనబడుట ఎట్లని అడుగుదురేమో. కృష్ణా గోదావరీ డెల్టాల నడుమనున్న ఆ పల్లమున, ఒకనాటి వరిపొలములనేకములు గట్లు కట్టబడి చెరువులైనవి. పైనుండి చూచువానికి రెండును చదరపు మళ్లే. గాలి స్తంభించిన వేళ నీటిపై అలయుండదు. అలలేని నీరు పైనున్న ఆకాశపు రంగునే తిరిగి చూపును గాని తన ఎత్తును తెలుపదు. బూడిదరంగు మంచు క్రింద బూడిదరంగు నీరు ఆరిన మట్టివలె భ్రమ గొల్పును. గట్లపై నిలిచిన కొబ్బరి మ్రాకులు, చూపు తేటయైన వేళ ఎత్తును చెప్పు గుర్తులై యుండవలసినవి, మంచులో చేరువ యగువరకు కానరాక మృత్యుస్తంభములగును. రాత్రివేళ దీపములు లేని చోట దిగు విమానమునకును ఈ ఆపదయే కలుగును. చీకటియైననేమి, మంచైననేమి, నేల ఎంత దూరమున నున్నదో తెలియకపోవుటయే ప్రాణాంతకము.

ఏడేండ్లు గడచిన పిదప, 2009 సెప్టెంబరు 2న, ముఖ్యమంత్రి శ్రీ వై.ఎస్. రాజశేఖరరెడ్డిగారితో బేగంపేటనుండి బయలుదేరిన బెల్ 430, నాకంటె పెద్దదియు రెండు ఇంజనులు కలదియునైన నా సోదరి, దుర్వాతావరణమున నల్లమల అడవిలోని పావురాలగుట్టపై కూలి అయిదుగురను బలిగొన్నది. యంత్రబలము పెరిగినంతమాత్రమున ప్రకృతి తన నియమమును సడలింపదని ఆ దుర్ఘటన చాటినది.

యానామునకును యెదుర్లంకకును నడుమ గౌతమిపై నిలిచిన వారధి నేడు బాలయోగిగారి పేరు ధరించియున్నది. ఏటి కిరుదరులను కలిపిన ఆ పేరు చిరకాలము నిలుచుగాక! కాని స్మారకముకంటె జీవితము విలువైనది. కావున సభలకు, వివాహములకు, పరామర్శలకు నావంటి వాహనముల నెక్కు పెద్దలకును, వారికై ఎదురుచూచు జనులకును నేను విన్నవించుకొనునది యిదియే: వేళ మించినదని పైలటును తొందరపెట్టకుడు, మంచు విడువక లేవనని అతడన్నచో కోపింపక, ఆ మాటను మన్నించి వేచియుండుడు.