బెదిరింపుకీ ఛందస్సుండేది

టీవీ పెడితే చాలు, ‘ఉతికి ఆరేసిన భారత్’, ‘ట్రంప్ మాస్ వార్నింగ్’ అంటూ ఎర్రక్షరాలు. దేశాలు మాట్లాడుకుంటున్నాయో, సినిమా ట్రైలర్లు వదులుతున్నాయో తెలీదు. మా మనవడు ‘భలే ఇచ్చిపడేశారు తాతయ్యా!’ అంటాడు. ఇచ్చిపడేశాక ఏం ఒరిగిందిరా అంటే మాత్రం ఫోన్లో తల దూరుస్తాడు.

మా రోజుల్లో చల్లపల్లి చుట్టుపక్కల కుర్రాళ్ళకి దౌత్యం నేర్పింది పద్యనాటకం. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు ఆడుతున్నారంటే చాపలు చంకన పెట్టుకుని పొరుగూళ్ళకీ పోయేవాళ్ళం. కౌరవసభలో కృష్ణుడు అర్ధరాజ్యం నుంచి అయిదూళ్ళ దాకా దిగుతాడు. వినకపోతే ఏమవుతుందో రాగం తీసి మరీ చెబుతాడు. వన్స్‌మోర్‌లు పడేది ఆ బెదిరింపు పద్యాలకే, కాదనను. కానీ ఆ బెదిరింపుకీ ఛందస్సుండేది. దుర్యోధనుడు పరువు పోకుండా దిగిరావడానికి చివరిదాకా ఒక మెట్టు ఉండేది.

మా పక్కనున్న బందరు సంగతే చూడండి. డచ్చివాళ్ళు, ఆ వెనక 1611లో ఇంగ్లీషువాళ్ళు దిగిన రేవు అది. గోల్కొండ దర్బారు భాష పారశీకం. ఫర్మానాలు తెలుగులోనూ వెలువడేవి. మధ్యలో మన దుబాసీలు. దొర చిరాకులో అన్న మాటని దుబాసీ ఉన్నదున్నట్టు హవల్దారు చెవిన వేస్తే బేరం అక్కడే తెగిపోదూ? అందుకే కాస్త తీపి పూసి చెప్పేవాడు. ఆ తీపి మాటలకే సర్కారు జిల్లాలు పోయాయి కదా అంటాడు మా ఎదురింటి బావ. అబ్బే, 1759లో ఇంగ్లీషువాళ్ళ కర్నల్ ఫోర్డు బందరు కోట పట్టాకే కదా నిజాం సలాబత్ జంగు సంధికి వచ్చింది! పని చేసింది ఫిరంగి, పాపం దుబాసీ కాదు.

నిజం చెప్పడానికీ ఓ పద్ధతుంది. 1949లో మాస్కోకి రాయబారిగా వెళ్ళిన సర్వేపల్లి రాధాకృష్ణన్ స్టాలిన్ ఎదుట కూర్చుని అశోకుడి కథ చెప్పారు. నెత్తురు పారించి గెలిచిన చక్రవర్తి చివరికి యుద్ధమే మానేశాడన్నారు. ఎవరికి చెబుతున్నారో ఎందుకు చెబుతున్నారో స్టాలిన్‌కి అర్థం కాలేదా? అయింది. కోపం రాలేదు.

ఇప్పుడో! 2025 ఫిబ్రవరి 28న వైట్‌హౌస్‌లో కెమెరాల ముందే ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీని ‘ఒక్కసారైనా థాంక్స్ చెప్పావా’ అని నిలదీశారు. ఆయనా దుబాసీని పక్కనబెట్టి వచ్చీరాని ఇంగ్లీషులో వాదనకి దిగాడు. మధ్యలో అనువాదకుడుంటే ఆ కాస్త వ్యవధిలో ఇద్దరి ఆవేశమూ కొంత దిగేది. ట్వీటుకైతే ఆ వ్యవధీ లేదు.

మర్యాద తెలిసినవాళ్ళు పూర్తిగా పోలేదు లెండి. 2019 ఆగస్టులో, కాశ్మీర్ గొడవ వేడిగా ఉన్నప్పుడు, ఐరాసలో మన ప్రతినిధి సయ్యద్ అక్బరుద్దీన్‌కు పాకిస్తానీ విలేకరి నుంచి చర్చలెప్పుడని ప్రశ్న వచ్చింది. ఈ హైదరాబాదీ ‘మీతోనే మొదలుపెడతాను’ అంటూ నడిచొచ్చి పాకిస్తానీ విలేకరులతో చేతులు కలిపాడు. తన వాదంలో మాత్రం వెంట్రుకవాసి తగ్గలేదు.

తిట్టడానికైతే రాయబారులకి జీతాలూ బంగళాలూ దేనికి? ఆ పని మా సెంటర్లో టీ కొట్టు దగ్గర ఊరికే జరుగుతుంది.