వెతికి మరీ ఫీజు!

‘జర్మనీలో చదువు ఫ్రీ’ అంటుంది అమీర్‌పేట బోర్డు. చాలా ప్రభుత్వ వర్సిటీల్లో నిజమే! కాకపోతే బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో 2017 నుంచి మనవాళ్లకు సెమిస్టరుకు 1,500 యూరోలు. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీలో 2024 చలికాలం నుంచి మాస్టర్స్‌కు సెమిస్టరుకు 4,000 నుంచి 6,000 యూరోలు. ఫీజు లేనిచోటా వీసా కోసం ఏడాది ఖర్చుల కింద బ్లాక్డ్ అకౌంట్‌లో 11,904 యూరోలు, అంటే పది లక్షల పైమాటే, చూపించాల్సిందే.

ఇక ఎంపిక. నాన్న ర్యాంకు చూస్తాడు. అమ్మ సోనామసూరి దొరికే ఊరు చూస్తుంది. అబ్బాయి ఫ్రెండ్స్ ఎక్కడున్నారో చూస్తాడు. కన్సల్టెంటు కమీషన్ చూస్తాడు. చివరికి సీటు ప్రైవేటు కాలేజీలో! ఫీజు లేని దేశంలో ఫీజున్న కాలేజీని వెతికిపెట్టడమంటే మాటలా మరి?