లాకౌట్, లేఆఫ్: టీకా తాత్పర్య సహితము

మూలము: "లాకౌట్ గాదు బావా, లేఆఫ్. ఫ్యాక్టరీ బంద్ గాలే."

అవతారిక: వక్త బోధన్ శక్కర్‌నగర్ వాసి, శ్రోత అతని బావ. స్థలము నిజామాబాద్ కంఠేశ్వర్‌లో చాయ్ హోటల్. కాలము, నిజాం డెక్కన్ షుగర్స్ బోధన్, ముత్యంపేట, ముంబోజిపల్లి మిల్లులకు లేఆఫ్ ప్రకటించిన 2015 డిసెంబరు.

టీక: బావా = ఓ బావా. లాకౌట్ = యజమాని తాత్కాలికముగా మిల్లు మూయుట, లేదా పని ఆపుట. లేఆఫ్ = బొగ్గో కరెంటో ముడిసరుకో చాలక, లేదా మిషన్లు చెడి, మస్టరులో పేరున్నవానికి పని చూపలేకపోవుట. రెండర్థములును అప్పుడు అమలుననున్న 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టమునవి. గేటుకు తాళము రెండింట సమానము. మొదటిదానికి కోపము హేతువు, రెండవదానికి కొరత.

వ్యాకరణ విశేషము: లాక్, ఔట్ కలిసి లాకౌట్ అయినవి. లే, ఆఫ్ నడుమ యడాగమము రావలసియుండగా ఎవరును లేయాఫ్ అనరు. వ్యాకర్త చిన్నయసూరిగారు క్షమింతురు గాక. ఇంగ్లీషున ఈ రెండు క్రియలకును కర్మ మనిషి. మనవారు ఆ కర్మను మనిషి నెత్తినుండి దింపి "ఫ్యాక్టరీకి లేఆఫ్ పడ్డది" అందురు. "లేఆఫ్ ఇచ్చిన్రు" అనియు కలదు. ఉన్న పనిని పుచ్చుకొని "ఇచ్చిన్రు" అనుటేమి? కార్మికునికి షష్ఠీ విభక్తి దక్కినది, అంతే.

పాఠాంతరము: హైటెక్ సిటీ ప్రతులలో లేఆఫ్ అనగా కొలువు ఊడుట. అది అమెరికా పాఠము. మన చట్టమున దానిపేరు రిట్రెంచ్‌మెంట్. బోధన్ పాఠమున పేరు మస్టరులోనే యుండును, పని మాత్రము ఉండదు. పేరున్నందుకు మూలవేతనము, కరువు భత్యములలో సగము ఇమ్మన్నారు. అదియు ఊరక రాదు. పనివేళకు రోజుకొక్కసారైనను గేటుకడ అగుపడవలెను. పని లేదని విని రావలెను. పైగా సీజను కార్ఖానాలకు ఈ సగము వర్తింపదు. మిల్లు సీజనుదా కాదా యని సందేహము పుట్టినచో సర్కారు చెప్పినదే తుదిమాట. చెరుకు ఏడాది పొడుగునా గానుగాడదని ఎరిగినవారికి ఈ సూత్రము గుండె గుభేలుమనిపించును.

ఆక్షేపము: మస్టరెక్కని చెరుకు రైతునకు ఈ రెంటిలో ఏది వర్తించును? ఏదియు వర్తింపదు. 1937లో పుట్టి, ఆసియాలోనే పెద్దదని పేరుబడి, 2002లో ప్రైవేటు చేతికి పోయిన మిల్లును నమ్మి చెరుకు నాటినవాడు చట్టమున అవ్యయము: లింగము లేదు, విభక్తి లేదు.

తాత్పర్యము: "బావా, మిల్లు మూతపడలేదు, నడుచుట లేదు, అంతే."

అనుబంధము: 2019లో జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ (ఎన్‌సీఎల్‌టీ) ఈ మిల్లుల కంపెనీపై లిక్విడేషన్ అను మూడవ పదమును ప్రయోగించెను. చక్కెర కరిగి పానకమగుట అని ఒక వ్యాఖ్యాత. అది అపవ్యాఖ్య, పానకమైనచో గ్లాసెడైనను చేతికి వచ్చియుండెడిది. శేషం స్పష్టం.