ఔటర్లో ఆగిన తుపాను

ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగినవాడికి లోకంలో కదిలే ప్రతిదీ రైలే. పెళ్లివారొస్తుంటే రైట్ టైమా, లేటా అని అడుగుతాం. పురిటినొప్పులు మొదలైతే సిగ్నల్ పడిందంటాం. ఇక బంగాళాఖాతంలో అల్పపీడనం పుట్టిందన్న కబురు తెలిస్తే ఊరుకుంటామా? మథురాకాటీ టీ బడ్డీ దగ్గర రిటైరైన మావయ్యలంతా చేరి సాయంత్రానికల్లా దానికో టైం టేబుల్ వేసేస్తారు. 2024 అక్టోబరులో దానా తుపాను వస్తున్నప్పుడు నా చెవిన పడ్డ సంభాషణ ఇది.

"ఎక్కడిదాకా వచ్చిందిరా?"

"పారాదీప్‌కి మూడొందల కిలోమీటర్ల లోపే మావయ్యా. గంటకి పన్నెండు చొప్పున నడుస్తంది."

"పన్నెండేటి! మన గూడ్సు నయం కాదేటి?"

"ఔటర్లో ఆపీసినట్టున్నారు."

"ఎవులాపుతారు? దీఘా మీదికి లైన్ క్లియరని నాను పొద్దున్నే చెప్పీసినాను."

దానా ఒడిశాలో ధామ్రా దగ్గర తీరం దాటింది. మర్నాడు మావయ్య ఏమన్నాడో తెలుసా? "నాను ధామ్రాయే అన్నాను. మీకే వినబడనేదు."

నా గొడవంతా ఈ "చెప్పీసినాను" మీదే. ఫోన్ తెర మీద ఎరుపూ ఊదా రంగులు గిరగిరా తిరుగుతుంటాయి. యూరప్ వాతావరణ మోడల్ని నమ్మే వర్గం ఒక బల్ల మీద, అమెరికా మోడల్ని నమ్మే వర్గం ఎదురు బల్ల మీద. యూనియన్ ఎన్నికలప్పుడు కూడా ఇంత పంతం నేను చూడలేదు. వాతావరణ శాఖ మూడు గంటలకో బులెటిన్ ఇస్తే, మావాళ్లు మూడు నిమిషాలకొకటి ఇస్తారు. శాఖవాళ్లు పటం మీద ఒక శంకువు గీస్తారు. తుపాను కన్ను ఇందులో ఎటైనా పోవచ్చు, అంతకంటే ఖాయంగా చెప్పలేం అని దాని అర్థం. మావాళ్లు ఆ శంకువుని అవతల పారేసి నడిమి గీతనొక్కదాన్నే ఉంచుకుంటారు. పట్టాలకు అలవాటుపడిన కళ్లు మరి! పట్టా కనిపించాక తుపాను పక్కకు తప్పుకుంటే అది తుపాను చేసిన తప్పే.

అసలు సైక్లోన్ అన్న మాట పుట్టింది మా పక్కనే, కలకత్తాలో. హెన్రీ పిడింగ్టన్ అనే ఆయన ఓడల లాగ్ పుస్తకాలు ఓపికగా తిరగేసి, పాము చుట్టని తలపించే గ్రీకు మాట నుంచి ఆ పేరు తయారుచేసి 1848లో పుస్తకంలో పెట్టాడు. తుపాను దారి నుంచి ఓడని ఎలా తప్పించాలో నావికుడికి నేర్పే పుస్తకం అది. మావాళ్లకైతే తప్పించుకునే ఉద్దేశమే లేదు. పూలదండ పట్టుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడే రకం.

ఆ ప్లాట్‌ఫారం కథ కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 1072 మీటర్ల మా ప్లాట్‌ఫారం ప్రపంచంలోకెల్లా పొడవైనదని ఏళ్ల తరబడి చుట్టాలందరికీ చెప్పుకున్నాం. 2013లో గోరఖ్‌పూర్ ఆ పేరు లాగేసుకుంది. అప్పట్నుంచీ చెప్పుకోడానికేమీ లేక నోరు కట్టేసుకున్న ఊరికి 2019 మేలో ఫణి తుపాను దొరికింది. పిడింగ్టన్ గారి పాము బంగ్లాదేశ్ పెట్టిన పేరుతో పడగ విప్పుకుని నేరుగా మా ఊరికే వస్తోంది! మే 3 పొద్దున్న పూరీ దగ్గర 175 నుంచి 185 కిలోమీటర్ల వేగంతో తీరం దాటింది. అర్ధరాత్రి దాటాక ఖరగ్‌పూర్ మీదుగా పోతుందన్నారు. ముఖ్యమంత్రి మమతా బెనర్జీ ఎన్నికల సభలు రద్దు చేసుకుని ఇక్కడే మకాం వేశారు. ప్రతి చానల్ పటంలోనూ మా ఊరి పేరే. మావయ్య ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు.

వచ్చేసరికి గాలి 90 కిలోమీటర్లకి పడిపోయింది. పొద్దున్నే టీ బడ్డీ దగ్గర మొహాలు చూడాలి! అచ్చం పెళ్లిచూపులకొచ్చినవాళ్లు కాఫీ తాగి మాట చెప్పకుండా లేచి వెళ్లిపోయిన ఇల్లులా ఉంది. "ఇంతేనేటి?" అన్నాడు మావయ్య. పూరీలో స్టేషన్‌తో సహా ఊరికి ఊరే చెదిరిపోయిందని టీవీలో చూపిస్తున్నారు. మావాళ్ల లెక్కలో అది రైలు ముందు స్టేషన్లోనే ఖాళీ అయిపోవడం.

హెచ్చరికల విలువ తెలియక అంటున్నానని అనుకోకండి. 1942 అక్టోబరు 16న అప్పటి మా మేదినీపూర్ జిల్లా తీరాన్నే ఉప్పెన ముంచి పదివేలకు పైగా ప్రాణాలు తీస్తే, యుద్ధం పేరు చెప్పి తెల్లదొరలు ఆ వార్తనే తొక్కిపెట్టారు. 1999లో ఒడిశాలో తుపానుకి పోయిన ప్రాణాలు దాదాపు పదివేలు. అదే ఒడిశా ఫణికి ముందు పన్నెండు లక్షల మందిని తరలించి, చావుల్ని పదుల్లో ఆపగలిగింది. శాలిమార్ యార్డులో తుపానుకి ముందు పెట్టెల చక్రాలకు గొలుసులు చుట్టి పట్టాలకు కట్టి తాళాలు వేసే రైల్వే కార్మికుడు ఉంటాడు చూశారూ, నా దండం అతనికి. కన్ను ధామ్రాలో దాటితేనేం, దీఘాలో దాటితేనేం, అతను గొలుసు బిగించే తీరతాడు.

గీత మీద గురి ఎంత గొప్పదో 2021లో యాస్ తుపాను చూపించింది. మే 26న చెప్పినట్టే బాలాసోర్‌కి దక్షిణంగా దాటింది. "మనకి డైవర్షన్" అని మావాళ్లు ఊపిరి పీల్చుకున్నారో, నిట్టూర్చారో నాకిప్పటికీ తెలియదు. ఆ రోజు పున్నమి, సముద్రం పోటు మీదుంది. తుపాను దాటే చోటికి కుడిపక్కన గాలి నీళ్లని నేల మీదికి తోస్తుంది. ఆ కుడిపక్కనే మా దీఘా, శంకర్‌పూర్, మందార్‌మణి. కట్టలు తెగి ఉప్పునీళ్లు ఇళ్లలోకీ పొలాల్లోకీ చేపల చెరువుల్లోకీ వచ్చేశాయి. గీత మాత్రం వెంట్రుకవాసి తప్పలేదు కాబట్టి టీ బడ్డీ దగ్గర ఆ మధ్యాహ్నం మిఠాయి పంచారు.

అన్నిటికంటే నాకు ఒళ్లు మండేది తిత్లీ తుపాను సంగతి. మా తాతలు శ్రీకాకుళం నుంచి బీఎన్నార్ రైల్వేలో పనికొచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్లు, చుట్టాలింకా అక్కడి ఉద్దానంలోనే ఉన్నారు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తిత్లీ తీరం దాటబోతుంటే, మా బావ ఇక్కడ మంచం మీద కూర్చుని ఊరికి ఫోన్ చేశాడు.

"అత్తా, కన్ను మీకు పాతిక కిలోమీటర్లు అవతల్నుంచి పోతంది. భయం నేదు."

"కన్నేటిరా నాయినా! పెరటి తలుపు ఊడిపోయింది. మీ మావని గోడవార కూకోబెట్టినాను."

"అలాగవ్వకూడదత్తా. మోడల్లో అలాగ నేదు."

అక్కడితో లైను తెగింది. తెల్లారేసరికి ఉద్దానంలో కొబ్బరీ జీడితోటలూ వరసలకి వరసలు నేలకూలాయి. బావ మాత్రం దాటిన చోటు తను చెప్పినదానికి ఎంత దగ్గరో స్కేలు పెట్టి కొలిచాడు.

ఓడరేవుల్లో ఎగరేసే ప్రమాద హెచ్చరికలు పదకొండు. పదో నంబరు దాకా మావాళ్లందరికీ నోటికొచ్చు. పదకొండోది గాలి జోరుకి సంబంధించింది కాదు. వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని దాని అర్థం. ఫణి వచ్చిన రాత్రి మా లైన్లో కరెంటు పోయింది, కాసేపటికి ఫోన్లలో సిగ్నల్ కూడా పోయింది. చేతిలో నల్లబడ్డ తెరని అటూ ఇటూ తిప్పి చూసిన మావయ్య, చీకట్లో అత్తయ్యని కేకేశాడు:

"ఒసే, బయట గాలి గానీ ఏస్తందేటే?"